తంగేడు బొంత

మా యింటి బొంతను నా చేతులతో నేనే పారవేశాను. ఈ మాట వ్రాయడానికి నాకు ఇన్నేండ్లు పట్టింది.

మాది హోసూరు. మా అమ్మ పాతచీరల ముక్కలతో బొంతలు కుట్టేది. ఒకదానిమీద, ఏ నమూనా చూడకుండా, ఊరిబయట గుట్టమీది తంగేడును కుట్టింది. పసుపుచీర ముక్కలు పూలు, పచ్చని అంచు ఆకులు. మా అబ్బాయి పెండ్లికి ఇంటికి వెల్ల వేయించేటప్పుడు, వియ్యాలవారు చూస్తే ఏమనుకొంటారోనని, ఆ బొంతను నేల తుడుచుకొమ్మని పనివాండ్లకు ఇచ్చివేశాను. అమ్మ చూచింది. ఏమీ అనలేదు.

మొన్న మా మనుమరాలు ఫోనులో ఒక బొమ్మ చూపించి, "అవ్వా, ఇది పువ్వా, కాగితమా చెప్పు" అన్నది. పువ్వే అన్నాను. కాగితమట!

మేరీ డెలనీ అనే ఆంగ్లేయ వనిత పని అది. ఆమె 1700లో పుట్టింది. సూదిపనిలో దిట్ట, నల్లపట్టుమీద పూలు కుట్టింది. 1768లో భర్త పోయాడు. 1772లో, 72వ యేట, రంగుకాగితాలు కత్తిరించి నల్లకాగితముమీద అంటించి పూలు చేయడము మొదలుపెట్టింది. రేకు, కేసరము, ఈనె, అన్నీ వేరువేరు ముక్కలే. క్యూ రాజోద్యానమునుండి వచ్చిన విదేశపు మొక్కలను చేసింది. చెరువులలో తనంత తానే పెరిగే తెల్లకలువనూ చేసింది. పదేండ్ల తరువాత చూపు మందగించి మానుకొన్నది. అప్పటికి చేసినవి 985. అవి నేడు లండనులో బ్రిటిష్ మ్యూజియములో ఉన్నవి.

వాటిలో ఒకటి, బుడ్డవంటి పొరలో ఎర్రనికాయ కాచే మొక్క. ఒక పొర శిథిలమై ఈనెల వల మాత్రమే మిగిలింది. ఆ వల కాగితము కాదు, నిజమైన ఎండుపొరనే అంటించిందట. లోపల కాయ ఎర్రగానే ఉన్నది. దానినే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆమె తన పూలకు పేరూ తేదీ వ్రాసి ఉంచింది. మా అమ్మకు వ్రాత రాదు. ఆమె పోయి పదకొండేండ్లయింది.

మరునాడు పాతచీరల పెట్టె తీశాను. గుట్టవైపు ఇప్పుడన్నీ ఇండ్లే. రాళ్లమధ్య ఒక తంగేడుపొద మిగిలియున్నది. కొమ్మ తెచ్చి ఎదుట పెట్టుకొన్నాను. సూదిలో దారము మనుమరాలే ఎక్కించింది. రేకులు అయిదూ కుదిరినవి గాని, కొమ్మ వంకర పోయింది. అమ్మ కుట్టినట్లు రాలేదు. మూలను మాత్రము అమ్మ పేరు కుట్టినాను.

సోదరీమణులారా, మీ పెట్టెలలో అటువంటి బొంత ఉంటే, కుట్టినదెవరో అడిగి పేరు వ్రాసి ఉంచండి. అడగడానికి మనిషి ఉన్నప్పుడే.