సీఓ పడ్డాడా?

మెల్‌బోర్న్ పడమటివైపు సన్‌షైన్‌లో మేం అద్దెకుండే ఇంట్లో ఆ రోజుల్లో ఎవరు గుమ్మంలో అడుగుపెట్టినా మొదట ఎదురయ్యే ప్రశ్న "సీఓ పడ్డాడా?" అన్నదే. సీఓ అంటే కేస్ ఆఫీసర్. మన పీఆర్ ఫైలు, అంటే శాశ్వత నివాసం దరఖాస్తు, ఒక మనిషి చేతికి వెళ్లిందంటే సగం పని అయిపోయినట్టే. ఆ మనిషి దొరికేదాకా మనది ఉత్త నంబరు.

ఇంట్లో అందరికన్నా పెద్దవాడు ఖమ్మం అన్న. 2006లో వచ్చి కుకరీ చదివాడు. అక్కడ బీకాం పాసైనవాడు ఇక్కడికొచ్చి కత్తులు నూరుకోవడమేంటని వాళ్ల నాన్న చాలాకాలం మాట్లాడలేదు. అన్న లెక్క మాత్రం సూటిగానే ఉండేది. ఆస్ట్రేలియా ప్రభుత్వం కొరత వృత్తుల జాబితా ఒకటి పెట్టింది. మోడల్ అనేవాళ్లం దాన్ని. అందులో కుక్ ఉంది, దానికి అదనపు పాయింట్లున్నాయి. రెండేళ్ల చదువు, రెస్టారెంటులో తొమ్మిది వందల గంటల పని, ఆపైన 120 పాయింట్లు కలిస్తే ఎయిట్ ఎయిటీ ఫైవ్ వీసాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కావాలన్నది వాళ్లు, నేర్చుకున్నది అన్న. 2008 సెప్టెంబరులో ఫైలు వేసి, ఏజెంటు ముందే చేయించమన్నాడని పోలీసు క్లియరెన్సులు, మెడికల్సు కూడా ముగించేసి నిశ్చింతగా కూర్చున్నాడు.

ఆ నెలలోనే అమెరికాలో బ్యాంకులు కూలాయి. డిసెంబరు 17న ఇమిగ్రేషన్ మంత్రి క్రిస్ ఎవాన్స్ కొత్త జాబితా ప్రకటించాడు. పేరు క్రిటికల్ స్కిల్స్ లిస్ట్. జనవరి నుంచి కంపెనీలు స్పాన్సర్ చేసినవాళ్లు, రాష్ట్రాలు నామినేట్ చేసినవాళ్లు, ఈ జాబితాలో వృత్తి ఉన్నవాళ్లు ముందు. మిగతావాళ్లు ఆ తర్వాత. డాక్టర్లు, నర్సులు, ఇంజనీర్లు, కొన్ని రకాల సాఫ్ట్‌వేర్ వాళ్లు అందులో ఉన్నారు. కుక్ లేడు. మార్చిలో తాపీ మేస్త్రీలు, ప్లంబర్లు, వడ్రంగులను కూడా తీసేశారు. ఏడాదికి 1,33,500 అనుకున్న స్కిల్డ్ వీసాలను 1,15,000కు కుదించారు. ఊళ్లో ఉద్యోగాలు పోతున్నప్పుడు బయటివాళ్లను తగ్గించుకోవడం ఏ ప్రభుత్వమైనా చేసే పనే. దాన్ని నేను ఇప్పటికీ తప్పుపట్టను.

గుంటూరు బావది ఇంకో రకం ఇరకాటం. ఎవరికి బావో తెలియదు, ఇంట్లో అందరూ అలాగే పిలిచేవాళ్లం. అకౌంటెంటు. అకౌంటెంట్లు జాబితాలో ఉన్నారుగానీ, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ ఏడు తెచ్చుకోవాలి, లేదా ప్రొఫెషనల్ ఇయర్ అనే కోర్సు చేయాలి. వీసాకు ఆరు సరిపోతుంది. ముందు వరుసలోకి రావడానికే ఏడు. బావ ప్రతిసారీ రైటింగ్‌లో ఆరున్నర దగ్గర ఆగిపోయేవాడు. పరీక్ష ఫీజులకు పోసిన డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు వచ్చేదని లెక్కలేసి మరీ చెప్పేవాడు.

నేను జావా ప్రోగ్రామర్‌ని. జాబితాలో కంప్యూటర్ వృత్తి మొత్తం లేదు. జావా, ఒరాకిల్, శాప్, డాట్‌నెట్ అంటూ విడివిడిగా పేర్లున్నాయి. ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ ఇచ్చే అసెస్‌మెంట్ ఉత్తరంలో ఆ పేరు కనబడితే మనం ముందు వరుస. నా ఉత్తరంలో కనబడింది. కాలేజీలో నా పక్కన కూర్చుని అదే డిగ్రీ చదివిన కుర్రాడి ఉత్తరంలో టెస్టింగ్ అని ఉంది. వాడు వెనక వరుస.

2009 జూలైలో నేను ఫైలు వేశాను. అప్పటికి ఊళ్లో పరిస్థితి బాగోలేదు. రాత్రి రైళ్లలో మనవాళ్ల మీద దాడులు జరుగుతుండేవి. మే 31న ఫెడరేషన్ స్క్వేర్ దాకా ఊరేగింపు తీస్తే మేమంతా వెళ్లాం. రెస్టారెంటు మూసేసరికి పదకొండు దాటేది కాబట్టి, అన్న స్టేషన్‌లో దిగే వేళకు మాలో ఎవరో ఒకరు ఎదురెళ్లేవాళ్లం.

సెప్టెంబరు 23న ప్రభుత్వం వరుసను ఇంకోసారి మార్చింది. ఆ రాత్రి అన్న పనినుంచి వచ్చేటప్పటికి బావ కొత్త పట్టిక ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. గళ్ల ప్యాంటు, తెల్ల కోటు కూడా విప్పకుండా అన్న నిలబడే చదివాడు. మొదటి వరుస యజమాని స్పాన్సర్ చేసినవాళ్లది. దాని కింద రాష్ట్రం నామినేట్ చేసిన క్రిటికల్ వృత్తులు. వాటికింద కుటుంబం స్పాన్సర్ చేసినవాళ్లు. ఆ తర్వాత సొంతంగా వేసిన క్రిటికల్ వృత్తులవాళ్లు, అంటే నేను. అన్న వేలు కాగితం మీద కిందకి జారుతూ పోయి అడుగు వరుసల్లో ఆగింది. ఈ వరుస కొత్తగా వేసేవాళ్లకే కాదు, అప్పటికే వేసినవాళ్లకూ, సీఓ చేతికి వెళ్లిన ఫైళ్లకూ వర్తిస్తుందని కింద రాసి ఉంది. అడుగు వరుసలవాళ్లు 2012 దాకా ఆశ పెట్టుకోనక్కర్లేదని ఏజెంట్ల ఆఫీసుల్లో అప్పటికే అనుకుంటున్నారు.

"ఇట్ల చేయొచ్చా? ఏడాది కింద వేసిన ఫైలు ఇది," అన్నాడు అన్న.

చేయొచ్చు. తర్వాత నేను మైగ్రేషన్ చట్టం తీసి చదివాను. 51వ సెక్షన్. దరఖాస్తులను మంత్రి తనకు తగిననిపించిన వరుసలో తేల్చవచ్చు. వెనక వేసినది ముందు తేలినంత మాత్రాన, ముందు వేసినదాన్ని అన్యాయంగా ఆలస్యం చేసినట్టు కాదు. రెండు వాక్యాలు, అంతే. మనం ఫీజు కట్టిన తేదీకి ఆ చట్టంలో పెద్ద విలువేమీ లేదు.

ఆ రాత్రి బావ ప్రభుత్వం వైపు మాట్లాడాడు. "వాళ్ల పెళ్లి, వాళ్ల పంక్తి. ఎవరికి ముందు వడ్డించాలో వాళ్లిష్టం బావా."

"వడ్డించకపోతే పాయె. విస్తరేసి కూసోబెట్టి, చదివింపులు రాయించుకున్నంక లేవమంటే ఎట్ల?" అన్నాడు అన్న.

నాకు అన్న మాటే న్యాయంగా తోచింది. ఇప్పటికీ అదే నా అభిప్రాయం. కొత్తగా వచ్చేవాళ్లకు తలుపు ఎంత ఇరుకు చేసుకున్నా సరే. పాత జాబితా చూసి చదువు మార్చుకుని, అప్పులు చేసి, ఫీజు కట్టినవాణ్ని పాత నిబంధనతోనే తేల్చాలి. కానీ ఆ మాట గట్టిగా అనే ముఖం నాకు లేకపోయింది. నవంబరులో నాకు సీఓ పడ్డాడు, వెంటనే గ్రాంటు కూడా వచ్చింది. ఆ రాత్రి అన్నే మటన్ వండాడు. తిన్నాం. ఫొటోలు దిగాం. ఎవరం ఆ సంగతి ఎత్తలేదు.

2010 ఫిబ్రవరి 8న మోడల్ జాబితానే రద్దు చేశారు. 2007-08లో ఇచ్చిన 41,000 జనరల్ స్కిల్డ్ వీసాల్లో 5,000కు పైగా వంటవాళ్లకు, మంగలిపని చదివినవాళ్లకే పోయాయని మంత్రి లెక్క చెప్పాడు. ఆ లెక్కలో నిజం లేకపోలేదు. సిటీలో వీధికొక కాలేజీ వెలిసి, స్టౌ ముట్టుకోనివాళ్లకు కూడా వంట డిప్లొమాలు ఇచ్చేది. కానీ ఆ కాలేజీలకు అనుమతులు ఇచ్చిందీ, విద్యార్థుల ఫీజులను ఎగుమతి ఆదాయంగా చెప్పుకుందీ ఆస్ట్రేలియానే కదా. అదే రోజు ఇంకో మాట కూడా చెప్పారు. 2007 సెప్టెంబరు 1కి ముందు బయటి దేశాలనుంచి వేసినవాటిలో మిగిలిన దరఖాస్తులను తేల్చకుండానే మూసేసి ఫీజు వాపసు ఇస్తామన్నారు. దాదాపు 20,000 మంది, 1.4 కోట్ల డాలర్లు. హైదరాబాద్‌లో మా దూరపు చుట్టం ఒకాయన అందులో ఉన్నాడు. కాదనలేదు, ఔననలేదు, డబ్బు వెనక్కి వచ్చింది. రిజెక్ట్ చేసినా బావుండేదిరా, కారణమైనా తెలిసేదని ఫోన్లో నాతో అన్నాడు.

అన్న, ఫైలు తేలేదాకా ఇచ్చే బ్రిడ్జింగ్ వీసా మీద ఉండిపోయాడు. పని చేసుకోవచ్చు, పన్ను కట్టొచ్చు. ఇండియా వెళ్లి రావాలంటే ముందుగా ఇంకో బ్రిడ్జింగ్ వీసా అడిగి తీసుకోవాలి. బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వదు. ఖమ్మంలో రెండు సంబంధాలు "పీఆర్ వచ్చాక మాట్లాడదాం" అన్నచోటే ఆగిపోయాయి. ముందే చేయించిన మెడికల్సుకు, పోలీసు క్లియరెన్సుకు ఏడాదే గడువు. అవి చెల్లకుండా పోయాయి. ఎక్స్‌రే కవరు బీరువా మీద దుమ్ము పట్టి ఉండేది. ఊపిరితిత్తులు బాగున్నట్టు సర్టిఫికెట్ ఉందిగానీ ఊపిరి పీల్చుకోవడానికి పర్మిషన్ లేదని అన్న దాన్ని చూపించి నవ్వించేవాడు.

దారి ఆ పట్టికలోనే దొరికింది. మొదటి వరుసలో యజమాని స్పాన్సర్ చేసినవాళ్లున్నారు కదా, వాళ్లలో రీజినల్ స్పాన్సర్‌షిప్ కూడా ఒకటి. మెల్‌బోర్న్ దాటితే విక్టోరియాలో మిగతాదంతా రీజినలే. షెపర్టన్‌లో, పండ్ల తోటల ఊరది, ఒక హోటలు యజమాని వంటవాడు దొరక్క తిప్పలు పడుతున్నాడు. అన్న 2011లో అక్కడికి వెళ్లాడు. యజమాని నామినేట్ చేశాడు, రెండేళ్ల కాంట్రాక్టు రాసుకున్నారు. అదే మనిషి, అదే డిప్లొమా, అదే కత్తి. అడుగున ఉన్నవాడు ఒక్క కాగితంతో పైవరుసకొచ్చాడు. కొన్ని నెలల్లోనే పీఆర్ వచ్చేసింది. అప్పటిదాకా కదలని పాత ఫైలును వెనక్కి తీసుకుంటున్నానని తనే ఉత్తరం రాశాడు. ఆ ఫీజు మాత్రం తిరిగి రాలేదు.

బావకు ఏడు రానేలేదు. ప్రొఫెషనల్ ఇయర్ చేసి గట్టెక్కాడు.

ఆ తర్వాత ఇలాంటి వరుసలు చాలా చూశాను. కోవిడ్‌లో 2020 సెప్టెంబరులో పదిహేడు వృత్తులతో ఒక అత్యవసర జాబితా పెట్టారు, 2022 అక్టోబరులో అదీ పోయింది. దాని బదులు వచ్చిన ఆదేశం వైద్యసిబ్బందిని, టీచర్లను మొదటి వరుసలో పెట్టింది. నర్సుగా ఉన్న మా మేనకోడలి ఫైలు ఎంత వేగంగా కదిలిందంటే ఇల్లు ఖాళీ చేయడానికే దానికి టైము చాల్లేదు. ఇంట్లో అందరం సంతోషించాం. దానికన్నా ముందు వేసి కూర్చున్న అకౌంటెంట్ల గురించి ఎవరికీ గుర్తులేదు.

2023లో షెపర్టన్ వెళ్లాను. అన్నకు ఇప్పుడు సొంత రెస్టారెంటు ఉంది. నిజామాబాద్ నుంచి వచ్చిన కుర్రాణ్ని కుక్‌గా పెట్టుకుని తనే స్పాన్సర్ చేశాడు. నేను వెళ్లిన సాయంత్రం వంటింట్లో ఆ కుర్రాడు ముఖం మాడ్చుకుని ఉన్నాడు. తనతోపాటు చదివిన అమ్మాయి టీచర్ అయి, తనకన్నా రెండు నెలలు వెనక ఫైలు వేసి, ముందే గ్రాంటు తెచ్చుకుందట.

"నాది మార్చిల వేసినం కదన్నా. ఆమెది మే."

"మార్చి, మే అని ఉండదురా ఆడ. ఆమె టీచర్, మొదటి వరుస. నువ్వు రీజినల్, మూడో వరుస. వరుస పెట్టేది మంత్రి. రేపు ఇంకో తీరు పెట్టినా పెడ్తడు, చట్టం అట్లనే ఉంది."

"మరి నాకెప్పుడొస్తది?"

"వస్తది. ఆరో టేబుల్‌కి బిర్యానీ పోవాలె, ముందు ఆ పని చూడు."