రాతి పట్టాలు

‘‘నా మోకాళ్లు పట్టేస్తయి బిడ్డా, మీరు పోయిరండ్రి’’ అందా పెద్దావిడ.

ఆగస్టు నెల. కొడుకు కుటుంబం నాలుగురోజుల సెలవు గడపడానికి లండన్‌ నుంచి డెవన్‌లోని ఓ పల్లెకొచ్చింది. ఆమెను కరీంనగర్‌ దగ్గరి ఊరి నుంచి తీసుకొచ్చి నెలే అయింది. భర్త పోయిన ఏడాదిగా గడప దాటింది తక్కువ. మాటా తగ్గిపోయింది. చివరికి ఎనిమిదేళ్ల మనవరాలు చెయ్యిపట్టి లాగితే లేవక తప్పలేదు.

వెళ్లింది డార్ట్‌మూర్‌లోని హేటార్‌ గుట్టకి. ఎత్తు 457 మీటర్లు. కార్లు ఆపేచోటి నుంచి పావుగంట నడకే. చెట్లు పెద్దగా లేని మెట్టనేల. ఎటుచూసినా ఊదారంగు హెదర్‌, పచ్చటి గోర్స్‌ పూలు. మధ్యలో గొర్రెలూ పొట్టి గుర్రాలూ. గాలేమో చీరకొంగు నిలవనివ్వదు!

‘‘ఇవి అడవి గుర్రాలా నాన్నా?’’

‘‘కాదు, చుట్టుపక్కల రైతులవి. మేతకి వదులుతారు.’’

పైన పెద్దపెద్ద బండలు. దూరంగా సముద్రం. ఆమె చూపు మాత్రం బండ మీదే. అరచేత్తో తడిమి, ‘‘ఇది మన గ్రానైటేరా’’ అంది.

అవతలి వైపు దిగితే పాత క్వారీ. ఇప్పుడక్కడో చెరువు. దగ్గర్లోనే గడ్డిలో రాతి పట్టాలు! 1820లో వేసిన దారి అది. ఇనుముకి బదులు గ్రానైట్‌నే గాడిలా చెక్కి పరిచారు. రాయి నింపిన బళ్లు వాలులో కిందికి దిగేవి. ఖాళీవాటిని గుర్రాలు పైకి లాగేవి. 1831లో ప్రారంభమైన లండన్‌ బ్రిడ్జికీ ఈ రాయి వెళ్లింది. ఆ వంతెనని తర్వాత అమెరికావాళ్లు కొనుక్కుని 1971లో అరిజోనాలో తెరిచారు.

కొడుకు ఇవన్నీ చెబుతున్నాడు. ఆమె వినడంలేదు. ఓ బండ అంచున వరసగా ఉన్న ఉలిగుంటల్లో వేలుపెట్టి చూస్తోంది.

‘‘మీ తాత గూడ గిట్లనే కొట్టెటోడు తల్లీ. ముందుగాల వరసగా బొక్కలు. వాటిల్ల చీలలు. ఒక్కోదాని మీద ఒక్కో దెబ్బ. సప్పుడు ఇనే చెప్పెటోడు, ఇగ పగుల్తదని.’’

‘‘తాతయ్య రాళ్లు కొట్టేవాడా? నాకెవరూ చెప్పలేదే!’’

కొడుకు తల దించుకున్నాడు. కాలేజీరోజుల నుంచీ తండ్రేం చేస్తాడని ఎవరడిగినా ‘గ్రానైట్‌ వ్యాపారం’ అనే చెప్పాడు. ఆ సంగతి తల్లికి తెలుసు. తండ్రికీ తెలుసు. ఇద్దరూ ఒక్కనాడూ అడగలేదు.

కాసేపటికి వచ్చి తల్లి పక్కనే ఆ రాతిపట్టా మీద కూర్చున్నాడు. ‘‘నా చదువు ఫీజులన్నీ తాత సుత్తే కట్టింది రా’’ అన్నాడు కూతురితో.

పెద్దావిడ ఏమీ అనలేదు. కొడుకు భుజం మీద చెయ్యేసింది.

‘‘తర్వాత చెప్పు నానమ్మా!’’

పావుగంట దారికి గంట పట్టింది. మోకాళ్ల ఊసే ఎవరికీ గుర్తులేదు. మర్నాడు అందరికన్నా ముందు బూట్లు తొడుక్కుని గుమ్మంలో కూర్చుంది ఆమే.

‘‘ఇయ్యాల ఏ గుట్టకి బిడ్డా?’’