పలుచేతుల వ్రాత

భాస్కర రామాయణము నలుగురి రచన. అరణ్యకాండము హుళక్కి భాస్కరునిది. బాల, కిష్కింధా, సుందరకాండములు ఆయన కుమారుఁడు మల్లికార్జునభట్టు వ్రాసినవి. అయోధ్యాకాండము కుమార రుద్రదేవునిది. భాస్కరుఁడు మొదలిడిన యుద్ధకాండమును అయ్యలార్యుఁడు పూర్తిచేసెను. ఒక గ్రంథమున కిందఱేలయని మేము చిన్ననాఁడు తండ్రిగారి నడిగితిమి. ఈ వేసవిని ఆ ప్రశ్న ముదిగుబ్బలో మరల మా యెదుటికి వచ్చినది.

వీధిబోరు ఎండిపోఁగా ఇరుగుపొరుగు స్త్రీలందఱు కూడి అర్జీ వ్రాయఁదలఁచిరి. పంతులుగారి యిల్లాలని కలము మాకే యిచ్చిరి. మేము "జలాభావముచే మిక్కిలి క్లేశము కలుగుచున్నది" అని వ్రాసి చదివితిమి. అక్షరము లెఱుఁగని యొక అవ్వ, "బిందె నిండేసరికి బిడ్డ బడికి పొయ్యే పొద్దు దాటిపోతాంది. అది రాయమ్మా" అనెను. వ్రాసితిమి గాని, మొరటుగా నున్నదని వెంటనే కొట్టివేసితిమి. అవ్వ మాఱుపలుకక లేచిపోయెను. ఆమె వెంట మఱి మువ్వురు. ఎంత చదివిన నేమి, మాకు సిగ్గు వేసినది.

మఱునాఁడు ఆమె యింటికే పోయి, ఆ మాటను ఆమె చెప్పినట్లే వ్రాసికొంటిమి. తక్కినవారును తలకొక వాక్యము చెప్పిరి. మా "జలాభావము"ను మాత్ర మెవ్వరును ఉంచనీయలేదు. నవ్విరి, మేమును నవ్వితిమి. మొదటి వేలిముద్ర అవ్వదే.

నీటిబండి యింకను రాలేదు. అర్జీ రెండవ ప్రతి మా పెట్టెలో నున్నది.