దానికి నీడే ఇష్టం!

మా అక్కావాళ్లు అమెరికాలోని డాలస్‌లో ఉంటారు. 2023 వేసవిలో నెల్లాళ్లు ఉండొద్దామని వెళ్లాను. వాళ్ల హాల్లో ఓ మూలన ఉప్పునీటి అక్వేరియం. అందులో అక్క కొడుకు చిన్నూ ప్రాణం... ఓ ఎర్రటి పుట్టగొడుగు పగడం! పన్నెండేళ్ల వాడు పాకెట్‌మనీ దాచుకుని మరీ కొనుక్కున్నాడు. సముద్రంలోంచి పీకి తెచ్చింది కాదు, ఇంకెవరి తొట్టెలోనో పెరిగిన పిల్ల.

వాడు వారంపాటు స్కౌట్ క్యాంపుకి వెళ్తూ 'పిన్నీ, నా మష్రూమ్ జాగ్రత్త' అన్నాడు. ఆ ఇంట్లో నాకు అప్పజెప్పిన పని అదొక్కటే.

చూద్దును కదా... మిగతా పగడాలన్నీ పైన లైటు కింద వెలిగిపోతున్నాయి. ఇదొక్కటే అడుగున, రాతి నీడలో. పాపమనిపించింది. కుండీలో మొక్కయితే ఎండ తగిలేచోటికి జరపమూ? అదున్న రాయిని తీసి పైమెట్టు మీద పెట్టాను. మర్నాటికి అరచేయంత ఉన్నది ముడుచుకుని నిమ్మకాయంతయింది. వెలుగు చాల్లేదేమోనని లైటు ఇంకాస్త పెంచాను. నాలుగోరోజుకి ఎరుపు పోయి పాలిపోయింది. నాకు అన్నం సయించలేదు.

అక్కాబావా ఆఫీసుల నుంచి వచ్చేసరికి తొట్టెలో లైట్లు ఆరిపోతాయి. శనివారం పొద్దున గానీ బావ చూడలేదు. చూసి తలపట్టుకున్నాడు.

'అది మొక్క కాదు మరదలా, జంతువు' అన్నాడు. దాని కండలో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుందట. వెలుగుతో వంటచేసి పగడానికి పెట్టేది ఆ నాచే. వెలుగు మితిమీరితే అక్కడ పుట్టే ఆక్సిజనే హానికరంగా మారి ఇద్దర్నీ దెబ్బతీస్తుంది. దాంతో పగడం నాచుని వదిలించుకుని తెల్లబడుతుంది. అలాగే ఉండిపోతే ఆకలితో చచ్చిపోతుంది.

నాచు వాడుకోగల వెలుగుని 'పార్' అంటారు. దాన్ని కొలిచే మీటరుంది బావ దగ్గర. లైటుని మునుపటిలా తగ్గించాక కూడా నేను పెట్టినచోట 250 చూపించింది. పాతచోట 60. పుట్టగొడుగు పగడాల్లో చాలా రకాలకు 50 నుంచి 100 ఉంటే సరిపోతుందట! అందులోనూ నీలికాంతి పాలు ఎక్కువుండాలి. సముద్రంలో లోతుకి వెళ్లేకొద్దీ ముందు ఎరుపు మాయమవుతుంది, నీలమే దూరం వెళ్తుంది మరి. అలాగని చీకట్లో పడేయకూడదు. వెలుగు చాలకపోతే అది లైటు వైపు సాగుతుంది. ఎక్కువైతే ముడుచుకుంటుంది. చోటు మార్చాలన్నా ఒక్కరోజులో కాదు, వారాల తరబడి కొంచెం కొంచెంగా జరపాలి.

రాయిని మళ్లీ నీడలో పెట్టేశాం. చిన్నూ రాగానే తప్పు ఒప్పేసుకున్నాను. వాడు చాలాసేపు తొట్టె ముందే కూర్చున్నాడు. తర్వాత మెల్లగా 'నువ్వు మంచికే చేశావులే పిన్నీ. కానీ దానికేం కావాలో దాన్ని అడగాలిగా?' అన్నాడు.

'నోరులేని దాన్ని ఎలా అడుగుతార్రా?'

'చూస్తూ ఉండాలంతే. అదే చెబుతుంది.'

నిజమే. మొదటిరోజే ముడుచుకుని చెప్పింది. నేనే వినిపించుకోలేదు.

నేను హైదరాబాద్ వచ్చేశాక రెండు నెలలకు ఫొటో పంపాడు. ఎరుపు తిరిగొచ్చింది. సంక్రాంతికి ఇంకో ఫొటో. పెద్దదాని పక్కనే, రాతికి అంటుకుని బఠాణీ గింజంత ఇంకోటి! కాడ కింద మిగిలిన చిన్న ముక్క నుంచి కూడా ఇవి పుట్టుకొస్తాయట. కింద రాశాడు... 'ఇది నీది పిన్నీ. కానీ ఇక్కడే ఉంటుంది!'