ఒకే చేను, రెండు మందులు

మన ఇళ్లలో వాడే బీపీ, షుగర్ బిళ్లల్లో చాలావరకు జనరిక్ మందులే. అసలు కంపెనీ బిళ్ల, తక్కువ ధర బిళ్ల ఒంట్లో ఒకేలా పనిచేస్తాయని ఎలా తేలుస్తారు? బయోఈక్వివలెన్స్ పరీక్షతో. దాని వెనకున్నది మన స్టాటిస్టిక్స్ పేపర్‌లోని కాన్ఫిడెన్స్ ఇంటర్వలే.

ఈ పరీక్ష డిజైన్‌ని సత్తెనపల్లి వైపు ఉండే మా అమ్మమ్మకి చేను లెక్కలో చెప్పాను. రెండు ఎరువుల్లో ఏది మేలో చూడాలంటే ఒకటి మన చేలో, ఇంకోటి పక్కోళ్ల చేలో వేస్తే లాభం లేదు. నేలలు వేరు. ఒకే చేలో సగం సగం వెయ్యాలి. లాం ఫారం లాంటి పరిశోధనా కేంద్రాల్లో పొలాన్ని బ్లాకులుగా విడగొట్టేది కూడా ఇందుకే.

మనిషిని సగం చెయ్యలేం కాబట్టి కాలాన్ని సగం చేస్తారు. కొందరికి ముందు అసలు మందు, తర్వాత జనరిక్. మిగతావాళ్లకి తిరగేసి. ఎవరికి ఏ వరసో లాటరీలో తేలుతుంది. దీన్నే క్రాస్ఓవర్ డిజైన్ అంటారు. మందు వేశాక కొన్ని గంటలపాటు మళ్లీ మళ్లీ రక్తం తీసి, అందులో మందు ఎంత చేరిందో కొలుస్తారు. ఎవరికి వాళ్లే పోలిక కాబట్టి కొద్దిమంది సరిపోతారు. రెండు మందుల నిష్పత్తికి వేసిన 90 శాతం ఇంటర్వల్ మొత్తం 80 నుంచి 125 శాతం మధ్యలో పడాలి. 120 కాకుండా 125 ఎందుకంటే లెక్క లాగ్ స్కేల్‌లో చేస్తారు. 1ని 0.8తో భాగిస్తే 1.25.

"పోయినేడు వేసిన ఎరువు సారం ఈ ఏటి పైరుకి రాదంటావా?" అంది అమ్మమ్మ.

పాయింట్ అదే! మొదటి మందు ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా ఆగాలి. ఆ విరామం పేరు వాష్అవుట్.

2011 జూన్‌లో పిడుగురాళ్ల వార్తల్లోకి వచ్చింది. అప్పట్లో అది గుంటూరు జిల్లా. అక్కడి పేద మహిళలకి డబ్బులిస్తామని చెప్పి హైదరాబాద్ తీసుకెళ్లి, క్యాన్సర్ మందు పరీక్షల్లో వాడారని, ఏం మందో చాలామందికి సరిగ్గా తెలియదని పేపర్లు రాశాయి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆ సెంటర్ అనుమతిని సస్పెండ్ చేసింది.

ఇది చదివాక నాకు వాష్అవుట్ వేరేలా కనిపించింది. డబ్బు అవసరమైన మనిషి ఈ నెల ఒక సెంటర్‌కి, వచ్చే నెల ఇంకో సెంటర్‌కి వెళ్లి, ముందు సంగతి చెప్పకపోతే? ముందు ప్రమాదం ఆమెకే. ఆ తర్వాత డేటాకి, అక్కడ్నుంచి ఆ బిళ్ల మింగే మనకి. మరి ఆమెని తప్పుపట్టగలమా? అమ్మమ్మని అడిగితే, "మిరప కోతలు అయిపోయినాక పని ఎక్కడిదిరా? డబ్బులిస్తామంటే ఎవరు ఆగుతారు?" అంది.

2019 నిబంధనల ప్రకారం ఈ సెంటర్లకి రిజిస్ట్రేషన్, ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. హాని జరిగితే పరిహారం ఇవ్వాలి. మంచిదే. మనిషి పేరు బయటపెట్టకుండా, ఈమధ్య ఇంకో సెంటర్‌లో మందు తీసుకున్నారా లేదా తేల్చే సిస్టమ్‌ని మనం నేర్చుకున్న హ్యాషింగ్‌తో మొదలుపెట్టొచ్చు. కానీ వాష్అవుట్ అంటే ఏంటో, ముందు సంగతి దాస్తే తనకే ఎందుకు ప్రమాదమో అమ్మమ్మకి అర్థమయ్యేలా ఒక పేజీ తెలుగులో రాయడం కోడ్ రాయడం కన్నా కష్టం. మన క్లబ్‌లో ఎవరైనా ఆ పేజీ మొదలుపెడితే నేనూ వస్తా.