చెంబెడు నీళ్లు ఎక్కడికి పోతాయి?

మెదక్‌లో మట్టి గురించి తెలియనివాళ్లు తక్కువ. మంజీర మీద 1905లో కట్టిన ఘనపురం ఆనకట్ట నీటితో తరాలుగా వరి పండిస్తున్న ప్రాంతమిది. వరి రైతుకు నీళ్లు నిలిచే నేలే మంచి నేల. అందుకే నాట్లకు ముందు పొలాన్ని దమ్ము చేసి, మట్టిని మెత్తటి బురదగా మార్చి, నీరు ఇంకిపోకుండా చూస్తాడు. పొలంలో అన్నం పెట్టే ఈ తెలివే, ఇంట్లో కుండీ దగ్గరికొచ్చేసరికి ఎదురు తిరుగుతుంది.

ఊళ్లోని ఓ ఇల్లాలి సంగతే చూడండి. పాత ఇంటి వాకిట్లో అత్తగారు పెంచిన తులసి ఉండేది. ఆ ఇల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టుకున్నాక, దాని గింజలతో మొలిచిన మొక్కను కుండీలో పెట్టి మేడమీదికి చేర్చారు. మట్టి చెరువుది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడికమట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలడం కళ్లారా చూసినవారే. అంతకన్నా బలమైన మట్టి ఏముంటుందనుకున్నారు.

రోజూ స్నానం కాగానే చెంబెడు నీళ్లు. వానాకాలం వచ్చింది. ఆకులు పసుపురంగుకు తిరిగి, కొమ్మలు తలవాల్చాయి. దాహమేమోనని సాయంత్రం మరో చెంబు పోశారు. పదిరోజుల్లో మొక్క పోయింది. అత్తగారు పోయిన ఏడాదే అది కూడా పోవడంతో ఆమె మనసు చివుక్కుమంది. నర్సరీ ఆయన మొక్కను పెకలించి చూశాడు. వేళ్లు గోధుమరంగులో, మెత్తగా, వాసన వేస్తున్నాయి. ‘గిది దూప గాదమ్మా, ఊపిరాడక పోయింది’ అన్నాడు.

నిజమే. వేళ్లకూ గాలి కావాలి. మట్టి రేణువుల సందుల్లో నీరే నిండిపోతే ప్రాణవాయువు అందదు. వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేవు కాబట్టి, తడిలో ఉన్నా మొక్క ఎండినట్టే వాడుతుంది. వరి సంగతి వేరు. దాని కాడల్లో, వేళ్లలో గాలి దిగే సన్నని దారులుంటాయి. తులసికి, కలబందకు ఆ ఏర్పాటు లేదు.

కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే సరిపోతుందని చాలామంది నమ్మకం. కానీ సన్నని మట్టి పూర్తిగా నానేదాకా రాళ్ల సందుల్లోకి నీటిని వదలదు. ఆ తడి పొర వేళ్లకు ఇంకాస్త దగ్గరవుతుంది, అంతే. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకోండి. చుక్కలు ఆగాక నిలువుగా తిప్పండి. మళ్లీ కారుతుంది. లోతు ఉంటేనే నీరు దిగుతుంది. రాళ్లు పోసి ఆ లోతును తగ్గించుకోవడమెందుకు? రంధ్రం మూసుకుపోకుండా ఒక పెంకు ముక్క చాలు.

మార్చాల్సింది మట్టిని. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు, ముతక ఇసుక, నల్లగా కాల్చిన ఊక ఒక్కో పాలు కలపాలి. రైస్‌మిల్లులున్న ఊళ్లో ఊకకు కొదవేముంది? తెల్లటి బూడిదయ్యేదాకా మాత్రం కాల్చొద్దు. సన్న ఇసుకా వద్దు, జిగట మట్టిలో కలిస్తే గట్టిపడుతుంది. వీలైతే మట్టికుండీ వాడండి, దాని గోడల్లోంచి కూడా తడి ఆరుతుంది. కింది పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయండి, దోమలూ తగ్గుతాయి. నీళ్లు పోసేముందు వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూడండి. తడి తగిలితే ఆ పూటకు వద్దు.

అదృష్టవశాత్తూ అత్తగారి తులసి గింజలు పక్కింటివాళ్ల దగ్గర కూడా మొలిచాయి. అందులోంచి ఒక మొక్క తిరిగి ఆ మేడ ఎక్కింది. మరి రోజూ పూజ ఎలా అంటారా? ఆ ఇల్లాలే దారి కనిపెట్టారు. దేవుడి పేరున రోజూ ఉద్ధరిణెడు నీళ్లు. చెంబు మాత్రం మట్టి అడిగినప్పుడే.