కీ ఇచ్చి కట్టుకోండి

బరంపురంలో సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు చేతి వాచీ పన్నెండు చూపించదు, ఎప్పుడైనా గమనించారా? దేశమంతటికీ టైము 82.5 డిగ్రీల రేఖాంశం మీద లెక్క. మన ఊరు దానికి తూర్పున, రెండు డిగ్రీల పైచిలుకు ఇవతల ఉంది. అందుకని ఏడాది సగటున మనకు మిట్టమధ్యాహ్నం 11 గంటల 51 నిమిషాలకే అయిపోతుంది. నవంబరు మొదట్లో అయితే 11.35కే. ఫిబ్రవరి రెండో వారంలో మాత్రం 12.05 దాకా ఆగాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో కలిసేదాకా మన గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కదా. 1906లో దేశమంతటికీ ఒకే టైము పెట్టక ముందు రైళ్లు నడిచింది మద్రాసు టైము మీద. అంటే మన సూర్యుడికీ స్టేషను గడియారానికీ 18 నిమిషాల తేడా అన్నమాట! వాచీల మీద మోజున్నవాళ్లకు ఇలాంటి లెక్కలంటే ఎంత ఇష్టమో. ఎండలో నిలబడి, గోడ నీడను చూసి, వాచీని చూసి మురిసిపోతాం.

మంచి వాచీ అనగానే స్విట్జర్లాండు, లక్షలు అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. గిరి రోడ్డు మీదో, పెద్దబజారులోనో పదిమందిని ఆపి, మీ ఇంట్లో పాత వాచీ ఉందా అని అడిగి చూడండి. బీరువా లోపలి అరలో, నగల డబ్బా పక్కన ఒక హెచ్‌ఎంటీ బయటపడుతుంది. 1961లో బెంగళూరులో, జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన వాచీలవి. జనతా, పైలట్, జవాన్, సోనా, కోహినూర్, కాంచన్... ఆ పేర్లు వరుసగా చెప్పుకుంటేనే నాకు సంతోషంగా ఉంటుంది.

జనతా వెనక మూత తీసినప్పుడు ఒక్కసారి చూడండి. నాణెమంత చోటులో 17 రాళ్లు (మెకానిక్కులు జ్యువెల్స్ అంటారు), చుట్టుకున్న స్ప్రింగు, అటూ ఇటూ ఊగే బాలెన్స్ వీలు. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. పొద్దున్నే మీ వేళ్లు ఇచ్చిన కీ తప్ప దానికి వేరే బలం లేదు. ఒకసారి నిండా కీ ఇస్తే రోజున్నరకు తక్కువ కాకుండా నడుస్తుంది. గంటకు 18,000 సార్లు టిక్కుమంటుంది, రోజుకు 4,32,000 సార్లు. కలియుగానికి పెద్దలు చెప్పే ఏళ్ల సంఖ్య కూడా అదే!

ఇక కాంచన్ సంగతి వేరు. కీ ఇవ్వక్కర్లేదు, చెయ్యి కదిలితే చాలు, తనంతట తనే చుట్టుకుంటుంది. ఒకప్పుడు పెళ్లికొడుకు తరఫువాళ్లు పేరు పెట్టి మరీ అడిగే వాచీ అది. దొరకడం కష్టం, అందుకే అంత గిరాకీ. మా మేనమామ పెళ్లి ఫొటోలో ఆయన బరంపురం పట్టు జోడు కట్టుకుని, వాచీ కనబడాలని కుడిచేత్తో ఎడమచేతి కండువా పైకి లాగి కూర్చున్నాడు. పట్టు ఎంత ఠీవిగా ఉందో, వాచీ అంత ఠీవిగా ఉంది. ఆ రెండూ ఎవరో ఒకరి చేతి పనితనమే కదా అనిపిస్తుంది నాకు.

అంతకు ముందు తరం వాచీలు కూడా మన ఇళ్లలో లేకపోలేదు. 1886లో బొంబాయిలో మొదలైన వెస్టెండ్, 1865లోనే అక్కడికి వచ్చిన ఫేవర్ లూబా. దొరికితే వదలకండి. కానీ దొరికిందల్లా కొనకండి. ఈ మాట గట్టిగా చెప్పాలి. పాత డయల్ చెరిపి, ఎర్రగానో నీలంగానో రంగు వేసి, పేరు కొత్తగా అచ్చు వేసి అమ్ముతున్నారు. అక్షరాలు వంకరగా, ముద్దగా ఉంటే అనుమానించండి. లోపలి మెషీను ఒక కంపెనీది, పైన పేరు ఇంకొకరిది అవుతుంది. మూత తీసి చూపించమనండి. చూపించనంటే లేచి వచ్చేయండి. అసలు డయల్ మీద మచ్చలున్నా, రంగు పసుపెక్కినా అదే మేలు. ఆ మచ్చ మీ తాతగారి చెమట.

చెమట అన్నాను కాబట్టి, ఇంకో మాట. గోపాలపురం సముద్రం మనకు ఎంత దగ్గరో తెలుసుగా. ఆ ఉప్పుగాలి, చెమట రెండూ వాచీకి శత్రువులే. వైశాఖ మాసపు ఎండలకు తోలు బెల్టు నెల తిరక్కుండానే కంపు కొడుతుంది. ఎండాకాలం నైలాను పట్టీ వేయండి, ఇంటికి రాగానే మెత్తని గుడ్డతో వెనక మూత తుడవండి. వానలో మాత్రం పాత వాచీ వద్దు. ఒక్క బొట్టు లోపలికి వెళ్లినా స్ప్రింగు తుప్పుపడుతుంది.

అసలు ఈ సరదా నిలబడింది బజారులో చిన్న అద్దాల బల్ల వెనక, కంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి వల్ల. నేను వెళ్లేచోట ఆయన వాచీని చెవి దగ్గర పెట్టుకుని, ఓ క్షణం ఆగి, “ఏం కాలేదు బాబూ, నూనె ఎండిపోయింది” అంటాడు. అంతే. మూత విప్పి, చక్రాలు కడిగి, సూది మొనంత నూనె రాసి ఇస్తే పాతికేళ్లుగా ఆగిన వాచీ లేచి కూర్చుంటుంది. ఆ పని నేర్చుకునే కుర్రాళ్లు ఇప్పుడు నాకు కనబడటం లేదు. 2016లో ప్రభుత్వం హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని నిర్ణయించింది. కొత్త సామాను దొరకడం కష్టమైంది. పనికిరాని పాత వాచీల్లోంచి తీసి సర్దుతున్నాడాయన.

పెట్టెలో దాచి, ధర పెరుగుతుందని లెక్కవేసుకునే సేకరణ నాకు నచ్చదు. వాచీ చేతికి ఉండాలి, బజారుకు రావాలి, మన ఊరి ఠాకురాణి యాత్ర జనంలో మీతోపాటు తిరగాలి. కదలకుండా ఏళ్ల తరబడి పెడితే లోపలి నూనె గట్టిపడి, పళ్ల చక్రాలు పట్టేస్తాయి. నాలుగున్నా వంతులవారీగా నాలుగూ కట్టుకోండి.

ఈ ఆదివారం బీరువా తీయండి. మీ నాన్నగారిదో, మామగారిదో దొరికితే డయల్‌కు రంగు వేయించకండి, అద్దం మీద గీతలు పడితే అద్దం ఒక్కటే మార్పించండి. బజారులో ఆ పెద్దమనిషి బల్ల తెరిచి ఉన్న రోజుల్లోనే తీసుకెళ్లి చూపించండి.